పదకొండో అంకె

పొద్దున్నే రక్తపోటు మాత్ర వేసుకునే ముందు జైరాం ఆ మాత్రల పట్టీని వెనక్కి తిప్పుతాడు. దాని మీద సన్నగా అచ్చయిన నంబరును బొటనవేలి గోటితో ఒక్కొక్క అంకే జరుపుకుంటూ చివరిదాకా లెక్కపెడతాడు. ఆఖరి అంకె దగ్గర గోరు కాసేపు ఆగుతుంది. కరెంటు బిల్లు వచ్చినా, గ్యాసు బండ దిగినా, బస్సులో టికెట్టు చేతికి వచ్చినా అంతే. భార్య సీతాబాయి నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడుతుంది.

"అయిందా లెక్క? ఒకటి తక్కువైతే మింగవా ఏంది? కాగబెట్టిన నీళ్లు సల్లగైతున్నయ్, ఇగ తాగు."

ఆయన తాగుతాడు. ఆమె గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోతుంది.

ఈ అలవాటు పుట్టుకతో వచ్చింది కాదు. 1998 వానాకాలంలో పట్టుకుంది. అంతకు ముందు జైరాంకు మిషన్ల మీద, వాటిని నడిపే తన చేతుల మీద ఎంత ధీమా ఉండేదో తెలియాలంటే సూర్యాపేటలో ఆయన పెట్టుకున్న రేడియో దుకాణం నుంచి మొదలుపెట్టాలి.

మునగాలకు కొంచెం ఎడంగా ఉన్న తండాలో పుట్టాడు. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు. పదో తరగతి దాటి ఐటీఐలో రేడియో పని నేర్చుకుని, 1984లో సూర్యాపేట బస్టాండు దగ్గర ఒక మెట్ల కింది గది కిరాయికి తీసుకున్నాడు. మనిషి నిటారుగా నిలబడితే తల తగిలేంత గది. అందులో కూర్చునే రేడియోలు, టేప్‌రికార్డర్లు, తర్వాత నలుపు తెలుపు టీవీలు విప్పి బాగుచేసేవాడు. చుట్టుపక్కల వాళ్లు దాన్ని రేడియో దవాఖాన అనేవారు. రిపేరుకు వచ్చిన పెట్టెను విప్పకుండానే చెవి దగ్గర పెట్టుకుని తట్టి చూసి జబ్బు చెబుతాడని పేరు.

ఆ దవాఖానకు తరచూ వచ్చే మనుషుల్లో జానయ్య ఒకడు. జైరాం కంటే పన్నెండేళ్లు పెద్ద. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి, ఇష్టం లేక, మునగాల దాటాక హైవే పక్కన ఉన్న వడ్ల విత్తనాల కంపెనీలో హమాలీగా చేరి, గోదాము కీపరు దాకా ఎదిగాడు. చదువు సంతకం వరకే. అంకెలు మాత్రం బాగా వచ్చు. ఆయన టేప్‌రికార్డరు నెలకోసారి క్యాసెట్టును నమిలేసేది. దాన్ని టవల్లో చుట్టుకుని వచ్చేవాడు.

"తమ్మీ, మళ్ల మేసింది సూడు."

"గడ్డేమన్న ఎయ్యన్నా దానికి, ఆకలి మీదుంది," అనేవాడు జైరాం.

టీ తాగుతూ బాగయ్యేదాకా కూర్చునేవాడు. ఊరికే కూర్చోడు, జైరాం చేతులనే చూస్తూ కూర్చునేవాడు.

తొంభైలు వచ్చేసరికి ఆ పని పల్చబడింది. కొత్త పెట్టెలు చవకయ్యాయి, పాడైనదాన్ని మూలకు పడేసి ఇంకొకటి కొనుక్కునేవాళ్లు ఎక్కువయ్యారు. 1996లో ఒక మధ్యాహ్నం జానయ్య చేతిలో టేప్‌రికార్డరు లేకుండానే వచ్చాడు.

"మా కంపెనీల కంప్యూటర్ దించిండ్రు జైరాం. దాన్ని ముట్టనీకే అందరికి భయం. మనిషి కావాల్నంట. నీ గురించి మేనేజర్ సార్‌కు చెప్పిన."

"కంప్యూటర్ నాకేం తెల్సన్నా?"

"రేడియో తెల్సు గదా. గది గూడ కరెంటుతోనే నడుస్తది. నువ్ రా, పరేషాన్ గాకు."

మేనేజరు కృష్ణా జిల్లా మనిషి. జైరాం చేత ఒక పాడైన స్టెబిలైజరు విప్పించి చూసి, మరునాటి నుంచి రమ్మన్నాడు. జైరాం దుకాణం ఖాళీ చేసి, సీతాబాయిని తీసుకుని కోదాడకు మారాడు. సూర్యాపేటలో ఆరు నెలలు సాయంత్రంపూట కంప్యూటరు నేర్చుకున్నాడు. వారానికి మూడు రోజులు బస్సు. తండాలో కంప్యూటరు ముందు కూర్చున్న మొదటివాడు ఆయనే. పండగకు తండాకు పోతే పెద్దవాళ్లు కూడా మంచం మీద జరిగి చోటిచ్చేవారు. ఆ చోటు ఆయనకు బాగా రుచించింది. తర్వాత ఆయనకే సిగ్గనిపించేంత రుచించింది.

మరుసటి ఏడాది కంపెనీ స్కానరు తెప్పించింది. చేతిలో పట్టుకునే పిస్తోలు లాంటిది, ముందు నుంచి ఎర్రటి గీత పడుతుంది. బస్తాకు కట్టిన చీటీ మీద నల్లగీతలుంటాయి. ఎర్రగీతను వాటి మీద పెడితే చీటీ నంబరు దానంతట అదే కంప్యూటరులోకి పోవాలి. హమాలీలు దానికి గన్ను అని పేరు పెట్టారు. తెచ్చినవాళ్లు పెట్టెను దించి, సంతకం తీసుకుని వెళ్లిపోయారు. గన్ను తీగకు ఇరవై అయిదు పిన్నుల మొన ఉంది. కంప్యూటరు వెనక ఉన్న రంధ్రం తొమ్మిది పిన్నులది.

జైరాం తీగ కోసి, సోల్డరింగు పెట్టి, మొన మార్చాడు. ఒక పిన్ను మాట్లాడేది, ఒకటి వినేది, ఒకటి రెంటికీ ఉమ్మడిది. మొదట మాట్లాడే పిన్నును మాట్లాడే పిన్నుకే కలిపాడు. తెర మీద ఏమీ రాలేదు. వాటిని అడ్డంగా మార్చి కలిపాక వచ్చింది కానీ, వచ్చినవి అంకెలు కావు. పిచ్చి గుర్తులు, సగం విరిగిన అక్షరాలు.

హమాలీల పెద్ద బిక్షం కిటికీలోంచి తొంగి చూశాడు. "ఏం జైరాం, కంప్యూటర్‌కు లంబాడి నేర్పినవా ఏంది? ఒక్క ముక్క సమజ్ అయితలేదు."

"లంబాడి అయితే నాకన్న సమజ్ అయితుండె గదా బిక్షమన్నా."

బిక్షం పడీ పడీ నవ్వాడు. జైరాం మాత్రం రెండు రోజులు ఆ గుర్తుల ముందే కూర్చున్నాడు. గన్నుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాడు. తెలియని మాటకు తెలుగు అర్థం పెన్సిలుతో పక్కనే రాసుకున్నాడు. గన్ను ఒక వేగంతో చెబుతున్నది, కంప్యూటరు ఇంకో వేగంతో వింటున్నది, అదీ సంగతి. వేగం మార్చడానికి గన్నుకు మీట గానీ బటను గానీ లేదు. పుస్తకంలోనే నల్లగీతలు అచ్చువేసి ఉన్నాయి. ఒక గీతల గుంపు మీద ఎర్రగీత పెడితే సెట్టింగు మొదలవుతుంది, ఇంకోదాని మీద పెడితే వేగం మారుతుంది, మూడోదానితో ముగుస్తుంది. సరిగ్గా పడితే సన్నగా కూస్తుంది, తప్పితే బొంగురుగా అరుస్తుంది. నంబరు పంపిన ప్రతిసారీ ఎంటర్ కూడా పంపమని చివరగా చెప్పాడు. రెండో రోజు మధ్యాహ్నం చీటీ మీది పది అంకెలు తెర మీద టకటకా పడి, మిణుకుమనే కర్సరు కింది గడిలోకి దూకింది.

జానయ్య వచ్చి ఆ తెర చూశాడు. బయటికి పోయి హమాలీలందరికీ టీ చెప్పాడు.

ఆ తర్వాత ఏడాది యాసంగి పంట కోతలప్పుడు, ఏప్రిల్ చివర్లో, జైరాం తండ్రి చనిపోయాడు. జైరాం పన్నెండు రోజులు తండాలోనే ఉండిపోయాడు. ఆ రోజుల్లోనే హాలియా వైపు నుంచి విత్తనపు వడ్లు వచ్చాయి. నాలుగు వందల బస్తాలు, అంతా ఒకే రకం, ఒకే లాటు. సగం వడ్లు ఎండబోసి ఎత్తారు. మిగతా సగం కళ్లంలో ఉండగానే అకాల వాన కొట్టింది. తడిసినవాటిని మళ్లీ ఎండబెట్టినా, వాటిని మొదటివాటితో కలపొద్దని జానయ్య మేనేజరుతో చెప్పాడు. పది అంకెల లాటు నంబరు ఒకటే ఉండనిచ్చి, చివర ఇంకో అంకె పెట్టమన్నాడు. ఎండినవాటికి ఒకటి, తడిసినవాటికి రెండు. మేనేజరుకు ఆ ఆలోచన నచ్చింది. కొత్త చీటీలు అచ్చువేయించాడు. వాటి మీద పదకొండు అంకెలు.

జైరాం వచ్చేసరికి గేటు దగ్గర లారీలు వరసగా ఉన్నాయి. గన్ను కొడితే పది అంకెలు నంబరు గడిలో పడి, పదకొండోది పొంగి పక్కనున్న బస్తాల గడిలో పడుతున్నది. లెక్కంతా ఆగమాగం.

"ఏమయ్యా జైరాం, ఆ ప్రోగ్రాం రాసినతను పదిహేను రోజులదాకా రానంటున్నాడు. లారీలవాళ్లు నన్ను తినేస్తున్నారు. నువ్వే ఏదో ఒకటి చూడు బాబూ," అన్నాడు మేనేజరు.

జైరాం పుస్తకం తీశాడు. నంబరును ఎలా పంపాలో చెప్పే పేజీలున్నాయి. ముందు నుంచి ఇన్ని అంకెలు వదిలెయ్, వెనక నుంచి ఇన్ని వదిలెయ్ అని చెప్పే గీతలున్నాయి. దాని పై పేరాలో ఇంకో మాట ఉంది. కొన్ని రకాల చీటీల మీద చివరి అంకె మిషన్ తనను తాను సరిచూసుకోవడానికి పెట్టుకునేదే, దాన్ని కంప్యూటరుకు పంపే అవసరం లేదు. ఆ మాట పక్కన ఏడాది కింద తనే పెన్సిలుతో రాసుకున్నాడు: తనిఖీ అంకె. ఓహో, ఇదన్నమాట, అనుకున్నాడు. కొత్త చీటీలు కదా, అచ్చువేసినవాళ్లు పెట్టి ఉంటారు.

గోదాము ఇరవై అడుగుల దూరంలో ఉంది. ఆ అంకె ఏమిటో జానయ్యను అడగడానికి ఇరవై అడుగులు. జైరాం అడగలేదు. పన్నెండు రోజులు నిద్రలేని కళ్లు, బయట లారీల హారన్లు. అవి సాకులేనని ఆయనకు తెలుసు. అసలు సంగతి, అంత పుస్తకం చదివినవాడు గోదాము మనిషిని అడిగి తెలుసుకోవాలని ఆయనకు తోచనే లేదు.

వెనక నుంచి ఒకటి వదిలెయ్. మూడుసార్లు ఎర్రగీత, మూడుసార్లు సన్నటి కూత. లారీలు కదిలాయి. మేనేజరు భుజం తట్టాడు.

మొలక పరీక్షలో తడిసిన వడ్ల ఫలితం ముందొచ్చింది. నూటికి ముప్పై కూడా మొలవలేదు. జైరాం పది అంకెలు కొట్టి ఫెయిల్ అని ఎక్కించాడు. పదకొండోదానికి గడిలో చోటు లేదు, ఉన్నా ఆయన కొట్టడు. ఫెయిలైన వడ్లను మిర్యాలగూడ రైస్‌మిల్లుకు పంపడం కంపెనీలో వాడుక. లారీ వచ్చింది. గోదాములో ఎండినవి ముందు వరస, తడిసినవి వెనక వరస. హమాలీలు ముందు వరస బస్తాలు ఎత్తబోయారు.

"ఆగుండ్రి. గవి కాదు, ఎనకవి," అన్నాడు జానయ్య.

జైరాం ముందు వరస మీద గన్ను కొట్టాడు. ఫెయిల్. వెనక వరస మీద కొట్టాడు. ఫెయిల్.

"రెండూ పోయినయన్నా."

"ఎట్ల పోతయ్? గివి మంచి వడ్లు జైరాం. నా చేతులతోని పట్టి సూసిన, కొరికి సూసిన."

"మిషన్ చెప్తున్నది గదన్నా. కొరికితే తెలుస్తదా మొలక?"

హమాలీలు నవ్వారు. జానయ్య నవ్వలేదు. గుప్పెట్లో ఉన్న గింజలను బస్తా మీద పోసి, పక్కకు జరిగాడు. ముందు వరస రెండు వందల బస్తాలు మిర్యాలగూడకు పోయాయి. మిల్లులో చోటు లేదని మిగతావి తర్వాత పంపమన్నారు.

వారం తర్వాత ల్యాబు నుంచి ఇంకో కాగితం వచ్చింది. అవే పది అంకెలు. నూటికి తొంభై మొలక. మళ్లీ పరీక్ష చేసి ఉంటారనుకుని జైరాం ఫెయిల్‌ను చెరిపి పాస్ అని ఎక్కించాడు. ఆ కాగితం మీద చివరి అంకె ఒకటి. ముందు కాగితం మీద రెండు. రెండు కాగితాలూ ఆ బల్ల మీదే ఉన్నాయి.

జూన్ మొదట్లో నేరేడుచర్ల డీలరు లారీ పంపాడు. వెనక వరస రెండు వందల బస్తాలు పాస్. జానయ్య ఒక బస్తా కుట్టు దగ్గర ముక్కు పెట్టి చూశాడు.

"మల్లొక్కసారి కొట్టు."

కొట్టాడు. పాస్.

"నిన్నమొన్నటిదాక ఫెయిలంటివి?"

"మళ్ల టెస్ట్ చేసిండ్రన్నా. ఈసారి అయింది."

ఈసారి జానయ్య గట్టిగా అడ్డం పడలేదు. కిందటిసారి హమాలీల ముందు పోయిన మాట ఆయనకు గుర్తుంది. "సరే, నువ్వంటున్నవ్ గదా," అని రిజిస్టరులో సంతకం పెట్టాడు. అంతే కాదు, ఆ లారీలోంచే ఎనిమిది బస్తాలు తన భార్య భద్రమ్మ అన్న లింగన్నకు ఇమ్మని డీలరుకు చెప్పించాడు. లింగన్నది నేరేడుచర్ల పక్క ఊరు. మా కంపెనీ విత్తనం, నేను చూసి పంపింది, కళ్లు మూసుకుని చల్లుకోమని కబురు కూడా పంపాడు.

జూలైలో రైతులు వచ్చారు. ఒకరు నారుమడి మట్టినే గంపలో తెచ్చారు. మట్టిలో వడ్లు ఉబ్బి, మెత్తబడి, పుల్లటి వాసన వేస్తున్నాయి. మొలక లేదు. మళ్లీ విత్తనం తెచ్చి పోసుకోవాలంటే అదును దాటిపోతున్నది. ముప్పై నలభై మంది గేటు ముందు కూర్చున్నారు.

ఆ మరునాడు పొద్దున, ఎవరూ రాకముందే, జైరాం గోదాములో నేల మీద పడి ఉన్న పాత చీటీలు రెండు ఏరుకుని వచ్చాడు. ఒక్కొక్కటి గన్నుతో కొట్టాడు. తెర మీద రెండుసార్లూ ఒకే నంబరు. చీటీలు చేతిలో పెట్టుకుని గోటితో లెక్కపెట్టాడు. పదకొండు. తెర మీద లెక్కపెట్టాడు. పది. ఒక చీటీ చివర ఒకటి, ఇంకోదాని చివర రెండు.

చీటీలు రెండూ జేబులో పెట్టుకుని మేనేజరు కోసం కాచుకున్నాడు.

మేనేజరు రాగానే తలుపు వేసి అంతా చెప్పాడు. మేనేజరు చీటీలు అటూ ఇటూ తిప్పి చూశాడు. కోప్పడలేదు.

"ప్రోగ్రాం అతన్ని రేపే పిలిపిస్తాను. గడి పెంచుతాడు. నువ్వు గన్నులో పెట్టింది తీసెయ్."

"మరి జానయ్యన్న సార్? సంతకం ఆయనదున్నది. అందరు ఆయనే బస్తాలు మార్చిండంటున్నరు."

"చూడు జైరాం. గోదాములో మనిషి బస్తాలు మార్చాడంటే అది ఈ ఒక్క లాటుతో పోద్ది. మిషనే తప్పుగా పెట్టామంటే ఈ సీజన్లో మన విత్తనం కొన్న ప్రతివాడూ వచ్చి కూర్చుంటాడు. అప్పుడు నువ్వూ ఉండవు, నేనూ ఉండను, హమాలీలూ ఉండరు. వాళ్లందరి పొట్టా నీ నోట్లో ఉంది. ఆలోచించుకో."

ఇంటికి పోయి సీతాబాయితో చెప్పాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని విన్నది.

"నౌకరి పోతే ఏం జేస్తం? మళ్ల ఆ మెట్ల కింది అర్రలకే పోవాల్నా?" అని మాత్రం అడిగింది. ఆ గది ఇప్పుడు ఇంకొకరి చెప్పుల దుకాణం.

మూడు రోజులు జానయ్య రోజూ వచ్చాడు. గోదాము తాళం ఇంకొకరికి ఇచ్చారు కాబట్టి బయట బల్ల మీద కూర్చునేవాడు. జైరాం ఆ దారిన పోకుండా వెనక వైపు నుంచి తిరిగి వెళ్లేవాడు.

ఆ లోపు ప్రోగ్రాం అతను వచ్చి గడి పెంచాడు, జైరాం గన్నులో పెట్టింది తీసేసి రెండు ఫలితాలూ విడివిడిగా ఎక్కించాడు. నాలుగో రోజు రైతులను లోపలికి పిలిచారు. జానయ్యను మధ్యలో నిలబెట్టారు.

"నేను మార్చలే. తెర మీద ఏమొస్తే గదే ఎత్తించిన," అన్నాడు జానయ్య. "జైరాం ఉన్నడు, ఆయననే అడుగుండ్రి. నాకంటె ఆయనకెక్కువ తెల్సు."

మేనేజరు గన్ను తెప్పించాడు. రెండు చీటీలు బల్ల మీద పెట్టించాడు. "కొట్టవయ్యా జైరాం, అందరూ చూస్తారు."

జైరాం కొట్టాడు. పదకొండు అంకెలు, పాస్. ఇంకోటి కొట్టాడు. పదకొండు అంకెలు, ఫెయిల్. రైతులు మెడలు సాచి చూశారు.

"మిషను కరెక్టేనా?" అని అడిగాడు మేనేజరు.

జైరాం గన్ను బల్ల మీద పెట్టాడు. జానయ్య తన వైపే చూస్తున్నాడు. సూర్యాపేట దుకాణంలో క్యాసెట్టు బయటికి వచ్చేదాకా చేతుల వైపు ఎలా చూసేవాడో అలా.

"ఇప్పుడు కరెక్టే సార్," అన్నాడు.

అప్పటికే రైతులు లేచి అరుస్తున్నారు. ఎవరో జానయ్య తలపాగా లాగారు. బిక్షం అడ్డం పోయి ఆయన్ను గేటు దాటించాడు.

జానయ్యను తీసేశారు. విత్తనాలు మార్చి అమ్ముకున్నాడనే మాట ఊరూరా తిరిగింది. జైరాం ఏడు నెలలు అదే కుర్చీలో కూర్చున్నాడు. జీతం పెంచారు. అదే ఏడాదిలో చీటీల మీద అంకెలు లెక్కపెట్టడం మొదలైంది. మొదట చీటీలు, తర్వాత కనబడిన ప్రతి నంబరూ.

1999 ఫిబ్రవరిలో మిర్యాలగూడ నుంచి వచ్చిన లారీ డ్రైవరు మాటల్లో చెప్పాడు, జానయ్య అక్కడ రైస్‌మిల్లులో కావలి ఉంటున్నాడని. మరునాడు జైరాం సెలవు పెట్టి బస్సెక్కాడు. ఉప్పుడు బియ్యం ఉడికే వాసన, గాలిలో ఊక బూడిద. గేటు పక్కన స్టూలు మీద జానయ్య కూర్చుని ఉన్నాడు. తల మీద, భుజాల మీద సన్నగా బూడిద.

"వస్తవనుకున్న. గింత ఆల్శం అయితదనుకోలే," అన్నాడు.

జైరాం నిలబడే అంతా చెప్పాడు. పుస్తకం, తనిఖీ అంకె, మూడు కూతలు, మేనేజరు మాటలు. జానయ్య మధ్యలో ఒక లారీకి గేటు తీసి, వేసి, వచ్చి మళ్లీ కూర్చున్నాడు.

"ఆ రెండొందల బస్తాలు గీ మిల్లుకే వచ్చినయ్. అడిగిన నేను. మంచి బియ్యం దిగినయంట. తిన్నోళ్లు బాగనే తిన్నరు."

"అన్నా..."

"నువ్ ఆనాడు ఇప్పుడు కరెక్టే అన్నవ్. ఎవ్వరు వినలే. నేను విన్న."

"మరి గప్పుడే ఎందుకడగలేదన్నా?"

"నువ్వే చెప్తవనుకున్న. రెండ్రోజులు సూసిన. నెల సూసిన. నీ ఇంటికొచ్చి అడుక్కుందునా?"

జైరాం ఏడ్చాడు. జానయ్య ఓదార్చలేదు, కసరలేదు. తుండుతో భుజాల మీది బూడిద దులుపుకున్నాడు.

"నౌకరి నాకొద్దు. ఒక్కటి చెయ్. మా బావ లింగన్న ఊరికొచ్చి గీ ముచ్చట వాళ్ల ముందట చెప్పు. భద్రమ్మ పుట్టింటి గడప తొక్కక ఏడు నెలలాయె. అన్న పొలంల సచ్చిన ఇత్తనం పోసిన మొగనికి పెండ్లామంటున్నరు దాన్ని."

"వస్తన్నా."

మరునాడే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, ఆ ఆదివారం పోయాడు. లింగన్న ఇంటి ముందు పదిహేను మంది దాకా కూడారు. జైరాం రెండు చీటీలు, పుస్తకంలోని పేజీ ఇద్దరు ముగ్గురికి అందించాడు. గన్ను, తీగ, పది అంకెల గడి, పదకొండో అంకె, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చెప్పాడు. ఎంత వివరంగా చెబితే అంతగా వాళ్ల ముఖాలు మూసుకుపోతున్నట్టు ఆయనకే కనబడింది. ఒక ముసలాయన పేజీని తిరగేసి పట్టుకుని చూసి పక్కవాడికిచ్చాడు.

"ఒక్క అంకె పోతే వడ్లు సచ్చిపోతయా?" అన్నాడొకడు.

"వడ్లు కాదు. నంబరు..."

"జానయ్య ఎంతిచ్చిండు నీకు, గిట్ల చెప్పుమని?"

"ఏమియ్యలే. ఒట్టు."

"మరి ఇన్ని నెల్లు నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

ఆ ఒక్క ప్రశ్నకు జవాబుంటే వాళ్లు మిగతాదంతా నమ్మేవారేమో. ఆయన నోరు తెరిచి మూసుకోవడం అందరూ చూశారు. జానయ్య ఒక పక్కన గొంతుక్కూర్చుని పుల్లతో మట్టి గీస్తున్నాడు. భద్రమ్మ ఇంట్లోకి పోలేదు, ఎవరూ పిలవలేదు కూడా, ప్రహరీ గోడ బయటే నిలబడి ఉంది.

చివరికి లింగన్న లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు.

"అయిందేదో అయింది బావా. పంచాదెందుకు. ఎండబడి వచ్చిండ్రు, ఇంత తిని పోండ్రి."

ఇంత తిని పొమ్మన్నాడు, నమ్మానని అనలేదు. జానయ్య లేచి తుండు దులుపుకుని, "మిల్లుల డ్యూటీ ఉన్నది," అని బయటికి నడిచాడు. భద్రమ్మ ఆయన వెంట నడిచింది. రోడ్డు దాకా జైరాం వాళ్ల వెనకే నడిచాడు. బస్సెక్కే ముందు జానయ్య జైరాం వైపు తిరిగి, "నువ్వైతే చెప్పినవ్," అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలవలేదు.

రైతులకు కంపెనీ ఏమీ ఇవ్వలేదు. నాలుగేళ్లకు అక్కడి గోదాము ఎత్తేసి ఇంకెక్కడికో మార్చారు. జానయ్య మిల్లు కావలివాడుగానే 2011లో మిర్యాలగూడ దవాఖానలో చనిపోయాడు. కబురు జైరాంకు పదిహేను రోజుల తర్వాత, బిక్షం కొడుకు ద్వారా తెలిసింది.

జైరాంకు ఇప్పుడు అరవై మూడేళ్లు. కోదాడలో హుజూర్‌నగర్ రోడ్డు మీద మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే చిన్న దుకాణం నడుపుతున్నాడు. నేరేడుచర్ల వైపు పోవలసిన పనేదైనా వస్తే సీతాబాయి పోతుంది.